గాలి ఎక్కని రైఫిల్: మూడు వారాల డైరీ

జూన్ 15, ఆదివారం

మా అమ్మాయికి పదమూడేళ్ళు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. గదిలో గోడ మీద గగన్ నారంగ్ ఫోటో పెట్టుకుంది. 2012 లండన్‌లో ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదీ. క్లబ్బులో వాళ్ళ రైఫిలే వాడుతుంది. ఇంట్లో సాధన కోసం ఫిబ్రవరిలో మన దేశంలో తయారైన .177 (4.5 మిల్లీమీటర్ల గుండు) పీసీపీ రైఫిల్ ఒకటి కొన్నాం. నేను పక్కన లేకుండా అది బీరువాలోంచి బయటికి రాదు.

పీసీపీ అంటే ప్రీ-చార్జ్డ్ న్యుమాటిక్, ముందే నింపి ఉంచిన గాలితో కాల్చే రైఫిల్. తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బ్యారెల్ కింద గొట్టంలా ఉండేదే గాలి ట్యాంకు. మా దానిది 160 సీసీ. అందులో 200 బార్ దాకా గాలి నింపాలి. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైన కొంచెం, కాబట్టి ఇది దాదాపు తొంభై రెట్లు. ఒకసారి నింపితే మాకు యాభై అరవై షాట్లు వస్తాయి. గేజు 120కి దిగగానే మళ్ళీ నింపుతాం. నింపేది నిలబడి కొట్టే మూడు స్టేజీల చేతిపంపుతో. 120 నుంచి 200కి వెళ్ళడానికి 65 నుంచి 70 సార్లు కొట్టాలి. ఒక్కో దెబ్బకి బార్ పైన కొంచెం పెరుగుతుందన్నమాట. ఈ లెక్క మొదటి నుంచీ రాసుకోవడం ఈ రోజు పనికొచ్చింది.

ఈ రోజు పన్నెండో దెబ్బకే పంపు గేజు 200 చూపించింది. రైఫిల్ గేజు మాత్రం 120 దగ్గర కదల్లేదు. పిడి రాయిలా బిగుసుకుపోయింది. వెంటనే ఆపేశాను.

పంపు గేజు గబగబా లేవడం తప్పు కాదు. హోస్ పైపులో పట్టే గాలి చాలా కొంచెం, అందుకే రైఫిల్‌లో ఎంత ప్రెషర్ ఉందో అంతదాకా నాలుగైదు దెబ్బల్లోనే లేస్తుంది. అక్కడ రైఫిల్ లోపలి వాల్వు తెరుచుకుంటుంది, ఆ తర్వాత ముల్లు మెల్లగా కదలాలి. 120 దాటాక కూడా అదే వేగంతో లేస్తోందంటే గాలి రైఫిల్‌లోకి వెళ్ళడం లేదు, హోస్‌లోనే ఇరుక్కుంది. అప్పుడు ఇంకాస్త బలంగా కొడదాం అనుకుంటే హోసో, పంపు లోపలి రబ్బరు సీలో పోతుంది.

పంపు కింద గాలి వదిలే స్క్రూ తిప్పి, హోస్ గేజు సున్నాకి వచ్చాకే ప్రోబ్ బయటికి తీశాను. ప్రోబ్ అంటే రైఫిల్ ముందు రంధ్రంలో దూర్చే స్టీలు పుల్ల. దాని మీద రెండు ఓ-రింగులు (గాలి కారకుండా వేసే గుండ్రటి రబ్బరు రింగులు), ఆ రెండింటి మధ్య పక్కకి చిన్న బెజ్జం. గాలి వెళ్ళే దారి అదొక్కటే. అది మూసుకుపోయింది. పోయినసారి ఓ-రింగులకి సిలికాన్ గ్రీజు ఎక్కువ రాశాను. ఆ గ్రీజుకి గుడ్డ పీచు అంటుకుని లోపల ముద్ద కట్టింది. కరెంటు వైరులోంచి సన్నని రాగి పోగు ఒకటి లాగి, దానితో పొడిచి శుభ్రం చేశాను. ఈసారి ఓ-రింగు మెరిసేంత మాత్రమే గ్రీజు రాశాను.

మళ్ళీ కొడితే చక్కగా ఎక్కింది. 71 దెబ్బలకి రైఫిల్ గేజులో 200. పంపు గేజు మాత్రం 210 చూపిస్తోంది. అది ఎప్పుడూ పది ఎక్కువే చూపిస్తుంది, పంపుతో వచ్చిన చవక గేజు కదా అని రైఫిల్ గేజునే నమ్ముతున్నాం.

జూన్ 16, సోమవారం

పొద్దున ఆరింటికి చూస్తే గేజు 162.

నిన్న రాత్రి పదింటికి 194 ఉంది. 200 నుంచి 194కి దిగినందుకు నేను కంగారు పడలేదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది, చల్లబడితే ప్రెషర్ తగ్గుతుంది. ట్యాంకులో గాలి ఏడెనిమిది డిగ్రీలు చల్లబడితే అయిదారు బార్లు పోతాయి. అది లీకేజీ కాదు. కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది ఇక్కడే భయపడతారు. కానీ చల్లారిన తర్వాత రాత్రికి రాత్రి 32 బార్లు పోయాయంటే ఎక్కడో కారుతోంది.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, సైకిల్ షాపులో ట్యూబు ముంచి చూస్తారు కదా, ఆ పద్ధతే. రైఫిల్‌ని నీళ్ళ తొట్టిలో ముంచకూడదు కాబట్టి, బేబీ షాంపూ కలిపిన నీళ్ళు బ్రష్‌తో రాశాను. ముందు గేజు చుట్టూ రాస్తే ఏమీ లేదు. ట్యాంకు చివరి మూత దగ్గరా లేదు. ప్రోబ్ దూర్చే రంధ్రంలో ఒక చుక్క వేస్తే పది సెకన్లకి ఒక బుడగ ఉబ్బి పగిలింది. ఇంకో పది సెకన్లకి ఇంకొకటి.

దొంగ దొరికాడు. లోపలికి వచ్చిన గాలిని వెనక్కి వెళ్ళనివ్వని చిన్న వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు.

జూన్ 17, మంగళవారం

పని ఏమీ కాలేదు, కానీ రెండు సలహాలు వచ్చాయి. అవి రాసి తీరాలి.

పక్కింటాయన, మంచి మనసుతోనే, సందు చివర టైర్ల షాపులో నింపించమన్నారు. ఆ కంప్రెసర్ ఇచ్చేది ఎనిమిది పది బార్లు. దానితో 200 అయ్యే పని కాదు, అయితే ప్రమాదం కూడా లేదు.

రెండో సలహా మా బంధువు ఒకతను ఫోన్‌లో ఇచ్చాడు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది, అందులో బోలెడంత ప్రెషర్ ఉంటుంది, దాంతో నింపేయండి అని. వద్దు. ఎవరు చెప్పినా, ఎంత తేలిగ్గా దొరికినా వద్దు. ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి కాస్త నూనె, గ్రీజు తగిలినా అది అంటుకుని పేలిపోగలదు. రైఫిల్ లోపల గ్రీజు ఉండనే ఉంటుంది. పీసీపీలో నింపాల్సింది పొడిగా ఉన్న మామూలు గాలి మాత్రమే. ఫోన్‌లోనే అతనితో పావుగంట మాట్లాడాను, ఎందుకంటే రేపు ఇంకెవరికైనా ఇదే చెప్తాడేమోనని నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

జూన్ 18, బుధవారం

వాల్వు విప్పాలంటే ముందు ట్యాంకు ఖాళీ చెయ్యాలి. పెల్లెట్ (చిన్న గుండు) లేకుండా, బ్యారెల్‌ని పెల్లెట్లు ఆపే పెట్టె, అంటే ట్రాప్ వైపే ఉంచి, చప్పుడు మెత్తబడేదాకా కాల్చాను. గేజు సున్నాకి వచ్చింది. అయినా లోపల ఖాళీ అని నమ్మకూడదు. ఈ చిన్న గేజుల్లో ముల్లు కింద పిన్నుకి ఆనుకుపోయిన తర్వాత కూడా లోపల కొన్ని బార్లు మిగిలి ఉండొచ్చు. ట్యాంకు కింద గాలి వదిలే స్క్రూ ఉంది. దాన్ని ఆలెన్ కీతో పావు చుట్టు తిప్పి ఆగాను. సుమారు ఇరవై సెకన్లు సన్నగా బుస్సుమంది. ఆ శబ్దం పూర్తిగా ఆగాక ఇంకో అయిదు నిమిషాలు కూర్చుని, అప్పుడు స్పానర్ పట్టాను. గాలి ఉండగా ఈ ట్యాంకు మీద ఇంకే స్క్రూ విప్పినా అది తుపాకీ గుండులా వస్తుంది.

వాల్వు చాలా చిన్నది. తెల్లటి గట్టి ప్లాస్టిక్ ముక్క, దాని మెడకి ఓ-రింగు, వెనక బాల్ పెన్నులో ఉండేంత స్ప్రింగు. ఓ-రింగు మీద ఒకచోట గోటితో గిల్లినట్టు గాటు ఉంది. వాల్వు గదిలో గోధుమ రంగు మరక, అడుగున ఒక నీటి చుక్క.

ఆ చుక్కని చాలాసేపు చూశాను. ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క వేస్తే తెలిసింది. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పట్టుకోగలిగే నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు. వానలు మొదలైన ఈ రోజుల్లో మన గాలిలో 20 గ్రాములకి తక్కువ ఉండదు. 120 నుంచి 200కి నింపడానికి మేము బయటి నుంచి లాగే గాలి దాదాపు 13 లీటర్లు. అందులో నీళ్ళు పావు గ్రాము పైనే. కానీ నొక్కిన తర్వాత 160 సీసీలో ఆవిరిగా నిలవగలిగేది అయిదు మిల్లీగ్రాములు మాత్రమే. మిగతాదంతా నీరై ఎక్కడో ఒకచోట చేరాలి. కొంత పంపులో ఆగుతుంది, కొంత రైఫిల్‌లోకి వస్తుంది. వారానికి మూడుసార్లు నింపుతున్నాం. ఇది ఫిబ్రవరి నుంచి జరుగుతోంది.

ట్యాంకు లోపల టార్చి వేసి చూశాను. గోడలు శుభ్రంగానే ఉన్నాయి, మరక వాల్వు గదిలోనే ఉంది. తుప్పు గుంటలుగా కనిపించి ఉంటే ఆ ట్యాంకుని మళ్ళీ నింపేవాణ్ణి కాదు. తయారీదారు దగ్గర కొత్తది తెప్పించే దాకా రైఫిల్ పక్కన పెట్టేవాళ్ళం.

జూన్ 21, శనివారం

రాణిగంజ్ వెళ్ళాను, సికింద్రాబాద్. బేరింగులు, పంపులు, హైడ్రాలిక్ సామాన్లు అన్నీ ఆ గల్లీల్లోనే. మా అమ్మాయి కూడా వచ్చింది. పాత ఓ-రింగుని చిన్న డబ్బాలో పెట్టుకుని వెళ్ళాం. షాపు పెద్దాయన వెర్నియర్ పెట్టి కొలిచి అడిగాడు:

“ఏం జేస్తరు సార్ దీంతోటి? నీళ్ళా, ఆయిలా?”

“గాలండీ. రెండు వందల బార్.”

“రెండొందలా? గట్లయితే మామూలుది నడ్వది. సెవెంటీ షోర్ పెడ్తే ప్రెషర్‌కు సందులకు పిండుకపోతది, గాటు పడ్తది. నైంటీ షోర్‌ది తీస్కపోండ్రి.”

షోర్ అంటే రబ్బరు గట్టిదనం కొలత. పాత రింగుని వేళ్ళ మధ్య నలిపి చూపించాడు, మెత్తగా ఉంది. కొత్తది గోరు దిగనంత గట్టిగా ఉంది. వాల్వుకి, ప్రోబ్‌కి, పంపుకి మూడు సైజుల్లో పదేసి తీసుకున్నాం. పూర్తిగా ఒక ప్లేటు బిర్యానీ ధర కూడా కాలేదు. వచ్చేటప్పుడు ఆయన మా అమ్మాయితో అన్నాడు, “బిడ్డా, ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తోని గుంజొద్దు. గ్రీజు రాసి వేలితోనే ఎక్కియ్యాలె.” నా వేళ్ళకి చిక్కని ఆ రింగుని చివరికి ఎక్కించింది తనే.

జూన్ 22, ఆదివారం

అన్నీ బిగించాం. ప్రోబ్ పెట్టాం. కొట్టడం మొదలుపెట్టాను. 20, 40, 60. గేజు సున్నా. పిడి తేలిగ్గా దిగుతోంది, అసలు ఎక్కడా ఎదురు లేదు.

వాల్వు తిరగేసి పెట్టానా అనుకున్నాను. మళ్ళీ విప్పి చూస్తే సరిగ్గానే ఉంది. మళ్ళీ బిగించి కొట్టాను. అదే తీరు. చెమటలు పట్టాయి, కోపం కూడా వచ్చింది. ప్రోబ్ దగ్గర చెవి పెట్టి వింటుంటే మా అమ్మాయి అంది:

“నాన్నా, శబ్దం అక్కడ కాదు. బ్యారెల్ కొస నుంచి వస్తోంది.”

మా అమ్మ పూజగదిలోంచి అగరబత్తి తెచ్చింది, పొగ పెట్టి చూడమని. గ్రీజు, గాలి, నిప్పు ఒకచోట వద్దమ్మా అన్నాను. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, టిష్యూ పేపరు ముక్కని చీపురుపుల్లకి అంటించి పక్క నుంచి కొస దగ్గర పెట్టాం. పంపు కొట్టిన ప్రతిసారీ పేపరు రెపరెపలాడింది. తను చెప్పిందే నిజం.

అప్పుడు అర్థమైంది. కాల్చినప్పుడు హామర్ అనే బరువు వెళ్ళి ప్రధాన వాల్వు కాడని కొడుతుంది, వాల్వు ఒక్క క్షణం తెరుచుకుని గాలి వదులుతుంది. మామూలుగా ఆ వాల్వుని మూసి ఉంచేది ట్యాంకులోని ప్రెషరే. దాని స్ప్రింగు చాలా బలహీనం. ట్యాంకు పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడు ఆ ప్రెషర్ లేదు. పైగా హామర్ ముందుకొచ్చి వాల్వు కాడ మీదే ఆని ఉంది. దాని స్ప్రింగు ఈ వాల్వుని కాస్త తెరిచే పట్టుకుంది. నేను కొట్టిన గాలంతా బ్యారెల్ గుండా బయటికి పోతోంది.

చెయ్యాల్సింది ఒక్కటే. బోల్టు వెనక్కి లాగి కాక్ చెయ్యాలి, హామర్ వెనక ఆగిపోతుంది. సేఫ్టీ వేసి, పెల్లెట్ లేదని మళ్ళీ చూసి, బ్యారెల్‌ని ట్రాప్ వైపు ఉంచి కాక్ చేశాను. మొదటి పది దెబ్బలు ఆపకుండా వేగంగా కొట్టాను, వాల్వు ఒక్క ఊపులో మూసుకోవాలని. ఎనిమిదో దెబ్బకి శబ్దం ఆగింది. నిశ్శబ్దం నాకెప్పుడూ ఇంత బాగా అనిపించలేదు. తర్వాత ముల్లు కదిలింది.

ఖాళీ ట్యాంకుని నింపేవాళ్ళందరికీ ఇది ముందే తెలిసి ఉండాలి. నాకు మూడు గంటలు పట్టింది. సున్నా నుంచి 200కి మొత్తం 170 దెబ్బలు, యాభైకి ఒకసారి పది నిమిషాల విరామం. పంపు గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఆ వేడికి ముందు పోయేది దాని సీళ్ళే. విరామంలో స్క్రూ తిప్పి హోస్ గాలి వదిలేస్తే కొంచెం తడి కూడా బయటికి చిమ్మింది. ఇక నుంచి ఇది తప్పనిసరి. పంపు గాలి పీల్చే చోట తేమ పీల్చే సిలికా జెల్ గింజలు నింపిన చిన్న డబ్బా కూడా అమర్చాను. గింజలు నీలం నుంచి గులాబీ రంగుకి మారితే పెనం మీద సన్నని సెగకి ఎండబెట్టుకోవాలి. ఆ పెనం వంటకి వాడేది కాదు, పాతది.

జూన్ 25, బుధవారం

ఆదివారం రాత్రి పదింటికి 194. సోమవారం రాత్రి పదింటికి 194. మంగళవారం, ఈ రోజు కూడా అంతే. మధ్యాహ్నం ఎండకి 196 అయింది, తెల్లవారుజామున 192. రోజూ ఒకే వేళ చూస్తేనే ఈ అంకెలకి అర్థం. లీకేజీ పోయింది.

జూన్ 28, శనివారం

రైఫిల్ బాగైంది, పంపు మొరాయించింది. 150 దాటాక పిడి కిందికి నొక్కి వదిలితే దానంతట అదే పైకి లేస్తోంది. ఇది పంపు అడుగున ఉండే వాల్వు జబ్బు. హోస్‌లోకి నెట్టిన గాలి వెనక్కి వచ్చి పిస్టన్‌ని లేపుతోంది. హోస్ ఖాళీ చేసి అడుగు విప్పితే నల్లటి తడి మడ్డి కనిపించింది. మెత్తని గుడ్డతో తుడిచి, రాణిగంజ్ రింగు ఒకటి వేసి బిగించాను. అరగంట పని. పిడి ఇప్పుడు ఉంచిన చోట ఉంటోంది.

జూలై 2, బుధవారం

క్లబ్బుకి రైఫిల్ తీసుకెళ్ళాం. అక్కడ పెద్ద సిలిండర్ మీద మంచి డిజిటల్ గేజు ఉంది. కోచ్ సార్ మా రైఫిల్‌ని దానికి కలిపి, వాల్వు మెల్లగా తెరిచి నింపారు. మా రైఫిల్ గేజు 190 చూపించినప్పుడు ఆయన గేజులో సరిగ్గా 200 ఉంది.

అంటే పది తక్కువ చూపిస్తున్నది మా రైఫిల్ గేజు. చవకదని నేను నమ్మని పంపు గేజే నిజం చెప్పింది. ఇన్నాళ్ళూ 200 అనుకుంటూ మేము 210 నింపుతున్నాం. పరిమితి దాటి నింపామని తెలియగానే నా గుండెల్లో రాయి పడింది.

కోచ్ సార్ ఇంకో ప్రశ్న వేశారు. “నింపగానే మొదటి షాట్లు కిందకి పోతున్నాయా?”

నేను లేదు అనబోయాను. మా అమ్మాయి ముందే చెప్పింది, “అవును సార్. మొదటి అయిదారు.”

రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ అందించే భాగం) లేని మా లాంటి పీసీపీలో ప్రెషర్ మరీ ఎక్కువైతే హామర్ వాల్వుని పూర్తిగా తెరవలేదట. వాల్వు వెనక గాలి అంత బలంగా మూసి పట్టుకుంటుంది. తెరుచుకునే సమయం తగ్గి పెల్లెట్‌కి అందే గాలి తగ్గుతుంది, వేగం పడిపోతుంది. ఎక్కువ నింపితే ఎక్కువ వేగం అనుకుంటాం, జరిగేది తిరగబడి ఉంటుంది.

జూలై 6, ఆదివారం

పొద్దున మేడ మీద పొడవు వరండాలో పది మీటర్లు టేపుతో మళ్ళీ కొలిచి టార్గెట్ కాగితాలు పెట్టాం. రైఫిల్ గేజులో 190 దాకా, అంటే అసలు 200 దాకా నింపి, ప్రతి పది బార్లకీ కొత్త కాగితం మార్చాం. సపోర్టు మీద ఆనించి ఒక్కో కాగితం మీద అయిదు షాట్లు. 190 దగ్గర అయిదూ మధ్య నుంచి మిల్లీమీటరు దాకా కింద. 180 నుంచి 120 దాకా అన్నీ ఒకే ఎత్తులో. 115 కంటే తగ్గాక మళ్ళీ కిందకి దిగాయి.

మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. ఈ టార్గెట్‌లో పదో రింగు అంటే అర మిల్లీమీటరు చుక్క. దశాంశాల్లో లెక్కపెట్టేటప్పుడు పావు మిల్లీమీటరుకి 0.1 పాయింటు పోతుంది. మిల్లీమీటరంటే ఒక్కో షాట్‌కి 0.4. పోటీలో అరవై షాట్లుంటాయి.

ఇక మేము నింపేది మా గేజులో 180 దాకా, అసలు 190. పైకి వెళ్ళం. గేజు పక్కన తెల్ల టేపు ముక్క అంటించి గీత గీశాను.

తర్వాత తన సాధన పుస్తకం తెమ్మన్నాను. ఫిబ్రవరి నుంచి ప్రతిరోజూ రాసుకుంది. దాదాపు ప్రతి పేజీ మొదట్లో ఒకే మాట ఉంది: “నింపాక మొదటి 5 కిందకి.” ఏప్రిల్‌లో ఒకచోట దాని కింద ఇంకో వాక్యం ఉంది: “నాన్న ఊపిరి సరిగ్గా ఆపడం లేదు అన్నారు. రేపటి నుంచి ఊపిరి.” ఆ తర్వాత రెండు నెలలు తను ఊపిరి మీదే పని చేసింది.

“తల్లీ, నీ ఊపిరిలో తప్పేం లేదమ్మా. నువ్వు రాసిందే సరైనది. నేనే వినలేదు,” అన్నాను.

తను పుస్తకం తీసుకుని, ఈ రోజు తేదీ వేసి, “గేజు 180. మొదటి 5 మధ్యలోనే” అని రాసింది. పెన్ను నాకిచ్చి కింద సంతకం పెట్టమంది. పెట్టాను. తర్వాత ఇంకో అయిదు పెల్లెట్లు లెక్కపెట్టి తీసుకుంది.